పడని గీత

సోమవారం పొద్దున గుడివాడలో పాసింజరెక్కిన ప్రసన్నలక్ష్మి ఒళ్ళో ఒక పెద్ద సంచీ ఉంది. అందులో టిఫిన్ డబ్బా, గొడుగు, యాభై ప్లాస్టిక్ గ్లాసులు. ఎదురు సీట్లో పెద్దావిడ గుడ్లవల్లేరు దాకా ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక, "ఏమ్మా, ఇంట్లో ఏదన్నా శుభకార్యమా?" అని అడిగేసింది. ఆ గ్లాసులు దేనికో నిజం చెబితే ఆవిడ సీటు మారిపోయేది. "అవునండీ, చిన్నదే" అని ప్రసన్నలక్ష్మి కిటికీలోంచి వరిచేలకేసి తిరిగింది.

పెడనలో ఫణీంద్ర గారి కలంకారీ అద్దకం షెడ్డులో ఆమె ఆఫీసు చూస్తుంది. పదకొండేళ్ళుగా హాజరు పట్టీ దగ్గర్నుంచి ఎగుమతి కాయితాల దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. గుడ్డలు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు ఈ ఏడు కొత్త షరతు పెట్టారు. ఇది మత్తుమందులు లేని పనిచోటని రుజువు చూపించాలట. నియమాలు రాసి గోడకు అంటించాలి, పనివాళ్ళకు మూత్రపరీక్షలు చెయ్యాలి, ఫలితాలు రిజిస్టర్లో ఎక్కించాలి. వచ్చే సోమవారమే తనిఖీ. "ఈ ఆర్డరు పోతే షెడ్డుకి తాళమే ప్రసన్నా" అన్నారు ఫణీంద్ర గారు. షెడ్డంటే నలభై కుటుంబాలు. అందులో తనదీ ఒకటని ఆమెకు ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు.

కంపెనీ పంపిన నమూనా ఇంగ్లీషులో ఉంటే, ఆదివారమంతా కూర్చుని తెలుగులో రాసింది. మొత్తం ఆరు నియమాలు. నాలుగోది: ‘పరీక్షలో దొరికినవారిని పనిలోంచి తీసేస్తాం.’ ఐదోది: ‘తన పేరు ఎదుట "ఉంది" అని రిజిస్టర్లో పడకముందే, తనంతట తాను చెప్పుకున్నవారికి వైద్యం చేయిస్తాం. పని పోదు.’ ఫణీంద్ర గారు ఐదోది చదివి నవ్వారు. "ఎవడు చెప్పుకుంటాడు ప్రసన్నా, తన కొంపకి తానే నిప్పు పెట్టుకుంటాడా? పోనీలే, ఉండనీ. కాయితానికి నిండుగా ఉంది."

షెడ్డు గుమ్మం దాటగానే మొదట వినిపించేది చప్పుడు. గోనెలు మెత్తగా పరిచిన పొడుగాటి బల్లల మీద గుడ్డ పరుచుకుని మనిషి నడుం వంచుతాడు. టేకు అచ్చుని రంగు తట్టలో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలి అడుగుతో ఒక్క దెబ్బ వేస్తాడు. అచ్చు లేపుతాడు. పడిన గీత చివరకి కొత్త గీత మొదలు కలిపి మళ్ళీ ఇంకో దెబ్బ. అలా రోజుకి రెండు వేలు, మూడు వేలు. లోపల రంగులు నింపే అచ్చులు ఎవరైనా వేస్తారు గాని, నల్లగీత అచ్చు వెయ్యడానికి షెడ్డు మొత్తానికి రెండే చేతులు. ఒకటి అరవై దాటిన దైవాధీనం గారిది, రెండోది ఆయన ఎదుటి బల్ల ఏడుకొండలుది. ఆయన దెబ్బ పడగానే ఇతని దెబ్బ పడుతుంది. ఆఫీసు గదిలో తలుపులు మూసుకుని కూర్చున్నా ఆ రెండు చప్పుళ్ళూ ఆమెకు విడివిడిగా తెలుస్తాయి.

ఆ పొద్దున గుడ్డలు ఉడికించే పొయ్యి వెనకాల బూడిదలో ఆమెకు కొన్ని రేకులు కనిపించాయి. నొప్పి బిళ్ళలు వొలుచుకున్న ఖాళీ రేకులు. ఒకటీ రెండూ కాదు, దోసెడు! వంగి వాటి పేరు చదివింది. కంపెనీ వాళ్ళు పంపిన నిషిద్ధ మందుల పట్టీలో మొదటి వరసలో ఉన్న మందు అదే. భుజాలు పడిపోయేలా అచ్చులు కొట్టేవాళ్ళు ఏదో ఒకటి మింగుతారని తెలుసు గాని, ఇంతా? సగం షెడ్డు మింగుతున్నట్టే అనుకుంది. ఆ అనుకోవడమే తర్వాత కొంప ముంచింది.

మధ్యాహ్నం అన్నాల వేళ అందర్నీ కూర్చోబెట్టి నియమాలు చదివింది.

"మేడంగారూ, మా ఆవిడ పెట్టే టీ కూడా మత్తేనండీ. తాగితే నిద్రొచ్చేస్తాది. దాన్నేం చేస్తారు?" అన్నాడు ఏడుకొండలు. ముప్పై ఆరేళ్ళ మనిషి, బంటుమిల్లి దగ్గర్నుంచి మోటారు సైకిలు మీద వస్తాడు. షెడ్డులో నవ్వంటూ మొదలైతే అతని దగ్గరే మొదలవుతుంది. అందరూ పకపకా నవ్వారు.

దైవాధీనం గారు మాత్రం నవ్వలేదు. "అమ్మా, ఆ నాలుగోది మళ్ళీ ఓసారి చదువుతావా?" అన్నారు. చదివింది. "ఆ తరవాతది?" అదీ చదివింది. ఆయన తల పంకించి, కంచం తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయారు.

*

మంగళవారం బందరు నుంచి రావలసిన ల్యాబు నర్సు రాలేదు. ఫోను చేస్తే గురువారం అంది. "కరోనాలో ఇంటింటా మనమే చేసుకోలేదా? దీనికి నర్సెందుకు?" అన్నారు ఫణీంద్ర గారు. నిజమే కదా అనిపించింది. గుడ్డలు నానబెట్టే కరక్కాయల బుట్టలో పేర్ల చీటీలు వేసి ఐదు తీశారు. దైవాధీనం గారి పేరు, ఏడుకొండలు పేరు, రంగులు నింపేవాళ్ళలో ముగ్గురివి వచ్చాయి.

"ఇది కరక్కాయ నీళ్ళండీ మేడంగారూ, గుడ్డ ముంచి చూస్కోండి" అని గ్లాసు ఇస్తూ ఏడుకొండలు మళ్ళీ నవ్వించబోయాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, అతని గొంతులోనే ఏదో తేడా ఉంది. కంగారేమో అనుకుందామె.

అట్టపెట్టెలోంచి ఐదు పరీక్ష పుల్లలు తీసి గ్లాసుల్లో ముంచింది. వాటిని తెల్లని పళ్ళెంలో వరసగా పెట్టి, ఒక్కొక్కదాని కింద పేరు రాసి, ఐదు నిమిషాలు గడియారం చూసింది. నాలుగు పుల్లల మీద ఎర్రగా రెండేసి గీతలు తేలాయి. ఐదోదాని మీద ఒకటే గీత.

రెండు గీతలంటే ఏమిటో ఆంధ్రదేశంలో చిన్నపిల్లకి కూడా తెలుసు. ఆ రోగపు రోజుల్లో రెండు గీతలు చూసి ఎంతమంది ఇంట్లో తలుపు గడియ వేసుకున్నారు! ఆమె ఇంట్లోనే మూడుసార్లు చూసింది. అట్టపెట్టె అడుగున మడతపెట్టి చిన్న అక్షరాల కాయితం ఒకటుంది. దాన్ని విప్పి చూడాలని ఆమెకు తోచనేలేదు. రిజిస్టరు తెరిచి నాలుగు పేర్ల ఎదుట ‘ఉంది’ అని, ఏడుకొండలు పేరు ఎదుట ‘లేదు’ అని రాసింది. ఫణీంద్ర గారు కింద సంతకం పెట్టారు.

దైవాధీనం గారి పేరు పక్కన ఆ మాట రాస్తుంటే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆయన బీడీ కూడా కాల్చరు. కానీ ఆ దోసెడు రేకులు కళ్ళముందుకొచ్చాయి. భుజం నొప్పికి మంచివాడూ చెడ్డవాడూ ఉంటాడా అనుకుంది, రాసేసింది.

"గురువారం నర్సు వచ్చి మళ్ళీ చూసేదాకా ఇంటి దగ్గరుండండి బాబాయ్ గారూ" అంది నేల చూస్తూ.

ఆయన కోప్పడలేదు. "ఆ పుల్లలు ఓసారి చూడొచ్చా అమ్మా?" అన్నారు. పళ్ళెం ముందుకు జరిపింది. గుడ్డ మీద అచ్చు చూసినట్టే, కళ్ళు చిన్నవి చేసుకుని, ముందుకు వంగి చూశారాయన. తన పుల్ల చూశారు, ఆ ముగ్గురివీ చూశారు. చివరిదాని దగ్గర చాలాసేపు ఆగారు. తరవాత తలెత్తి ఏడుకొండలుకేసి చూశారు. అతను అప్పటికే అటు తిరిగి తట్టలో రంగు కలుపుతున్నాడు.

బల్ల దగ్గరికి వెళ్ళి, గీత అచ్చుని తడిగుడ్డతో తుడిచి, చెక్కిన ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టారు. గోళ్ళలో నలభై ఏళ్ళుగా పట్టిన నలుపు ఎలాగూ పోదు, అయినా అలవాటుగా చేతులు కడుక్కున్నారు. అందరూ చూస్తుండగా గేటు దాటి వెళ్ళిపోయారు. మిగతా ముగ్గురూ గొణుక్కుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆయన వెనకే నడిచారు.

*

బుధవారం పొద్దున్నే ఫణీంద్ర గారు ఒక కొత్త శాలువా తెచ్చారు. ఏడుకొండల్ని అందరి ముందూ నిలబెట్టి కప్పారు. "ఐదుగురిలో ఒక్కడంటే ఒక్కడు! చూసి నేర్చుకోండి. వచ్చే వారం తనిఖీకొచ్చేవాళ్ళకి ఇతన్నే చూపిస్తాను" అన్నారు. చప్పట్లు కొట్టమంటే కొట్టారు. శాలువా కింద ఏడుకొండలు మెడ చెమటతో తడిసిపోయింది. నవ్వించడం పుట్టుకతో వచ్చిన ఆ మనిషి నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

తర్వాత పని మొదలైంది. ప్రసన్నలక్ష్మి ఆఫీసులో కూర్చుని వింటోంది. ఒకటే దెబ్బ పడుతోంది. దానికి ముందు పడవలసిన దైవాధీనం గారి దెబ్బ పడడం లేదు. ఆ ఖాళీ మింగుడుపడక ఆమె రెండుసార్లు కాయితాలు సర్దింది. పదిన్నరకి ఆ ఒక్క దెబ్బా ఆగిపోయింది.

ఏడుకొండలు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. శాలువా మడతపెట్టి చేతిలో పట్టుకున్నాడు.

"లోపలికి రావచ్చాండీ?"

"రా ఏడుకొండలూ. ఏమైంది?"

అతను శాలువా బల్ల మీద పెట్టాడు. దాని పక్కన, నడుం దగ్గర పంచెలో దోపుకున్న బిళ్ళల రేకు తీసి పెట్టాడు. అందులో నాలుగు మిగిలున్నాయి.

"రోజుకి పదండీ. ఒక్కోరోజు పన్నెండు. పోయినేడు భుజం పట్టేస్తే సగం బిళ్ళతో మొదలెట్టాను. ఇప్పుడు పదకొండింటికి ఒకటి పడకపోతే చెయ్యి ఆగదండీ. ఆ పొయ్యి వెనకాల రేకులన్నీ నావేనండీ."

"అన్నీ నీవేనా?" ఆమెకు అర్థం కాలేదు. "మరి పరీక్షలో నీకు లేదనే వచ్చిందిగా!"

"మీ పుల్ల సంగతి నాకు తెలీదండీ. నా కడుపులో ఏం పడుతుందో నాకు తెలుసు." "దైవాధీనం మావయ్య ఏం మింగడండీ. జొరమొచ్చినా మిరియాల కషాయమే. ఆయన్ని మీరు పంపించేస్తుంటే రంగు కలుపుతా నిలబడ్డాను చూడండి, థూ, అదీ ఒక బతుకేనా? రాత్రంతా ఆలోచించానండీ, చెప్పకపోతే ఏం పోతుందని. పొద్దున్నొచ్చి అచ్చు పట్టుకున్నాను. ఎదుటి బల్ల మీద ఆయన అచ్చు అలా ఆకాశం చూస్తా పడుకునుంది. దాని ముందర నేను దెబ్బ వెయ్యలేకపోయానండీ. నన్ను తీసేస్తారు, నాకు తెలుసు. నాలుగో నంబరు. తీసేయండి. ఆయన్ని పిలిపించండి."

ప్రసన్నలక్ష్మి అతన్ని కూర్చోమని కుర్చీ జరిపింది. ఇద్దరు పిల్లల తండ్రి. ఇక్కడ పని పోతే, మత్తువాడన్న పేరుతో ఈ చుట్టుపక్కల ఇంకో షెడ్డు గేటు తియ్యరు. పరీక్షే తనని మంచివాడంది. యజమాని శాలువా కప్పాడు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. ఊరుకోవడానికి అంత సులువైన చోట నిలబడి మరీ చెబుతున్నాడే!

అతను వెళ్ళాక అట్టపెట్టె తెరిచి అడుగున ఉన్న కాయితం విప్పింది. చిన్న అక్షరాలు, కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివింది. బొమ్మలు కూడా వేసి ఉన్నాయి, చూసి చావొచ్చుగా. ఈ పుల్ల ఆ రోగపు పుల్లకి సరిగ్గా తిరగబడి పనిచేస్తుంది. ఒంట్లో మందు లేకపోతే రెండో గీత పడుతుంది. మందు ఉంటే ఆ గీత పడకుండా ఆపేస్తుంది. రెండు గీతలవాడు శుభ్రం. ఒకటే గీత ఉన్నవాడు మింగినవాడు.

"అయ్యో, ఎంత పని చేశాను!" అని పైకే అనేసింది.

*

దైవాధీనం గారి ఇల్లు నేతగాళ్ళ వీధిలో. ప్రసన్నలక్ష్మి వెళ్ళేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. వాకిట్లో ఆయన భార్య నాగరత్నం గారు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు. ఆమెను చూసి కూడా రాట్నం ఆపలేదు.

"రామ్మా, రా. గ్లాసు తెచ్చావా? నాక్కూడా పరీక్ష చేస్తావా?"

"పిన్నిగారూ..."

"నిన్న ఆ మనిషి గుమ్మంలోకొచ్చి, పనిలేదన్నారే అన్నాడు. ఎందుకూ అంటే నోరిప్పడు. పొద్దుటికల్లా వీధి వీధంతా వచ్చి చెప్పిపోయారు. దైవాధీనం మత్తుబిళ్ళలు మింగుతాడంట! నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆయన రెండో ముద్ద పెరుగన్నం అడగడం చూళ్ళేదు నేను."

"తప్పు నాదేనండీ. నేనే పుల్లలు తిరగేసి చదివాను. ఆయనకేం లేదు. క్షమించమని అడగడానికొచ్చాను." నిలబడే చేతులు జోడించింది.

రాట్నం ఆగింది. నాగరత్నం గారు ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "అరుగు మీద కూచో. మంచినీళ్ళు తెస్తాను" అని లోపలికి లేచారు. గుమ్మంలో ఆగి, "ఈ మాట వీధిలో కూడా ఇంతే గట్టిగా చెప్పిపో" అన్నారు.

దైవాధీనం గారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఏడుకొండలు వచ్చి చెప్పుకున్నాడనగానే ఆయన కళ్ళు మూసుకున్నారు. "చెప్పాడా? చెప్పాడూ?" అని రెండుసార్లు అడిగారు.

"మీకు ముందే తెలుసా బాబాయ్ గారూ?"

"మూణ్ణెల్లయింది. వాడి గుడ్డ చెబుతుందమ్మా. పొద్దున వేసిన ఆకులు చక్కగా కలుస్తాయి. పది దాటాక తీగ చివర తేడా వస్తుంది. వెంట్రుకవాసి, అంతే. పదకొండింటికి గోడ చాటుకెళ్ళి వస్తాడు, మళ్ళీ కలుస్తుంది. వాడు అన్నానికెళ్ళినప్పుడు నేను రంగులో ముంచిన వెదురుపుల్లతో ఆ సందులు కలిపేసేవాణ్ణి."

మూడు నెలలుగా ఆ గుడ్డలన్నీ తన చేతుల మీదుగానే పెట్టెల్లోకి వెళ్ళాయి. ఆమెకు ఒక్క సందు కూడా కనిపించలేదు.

"మరి నిన్న ఆ పళ్ళెం చూసి..."

"ఇంగ్లీషు నాకేం వచ్చమ్మా? గీతలొచ్చు. నలుగురి పుల్లల మీదా గీతలు సరిగ్గా పడ్డాయి. వాడి దాని మీద ఒకటి పడలేదు. అచ్చు పనిలో పడని గీతే గదా తప్పు! పడినదాన్ని తప్పంటున్నారేమిటా అని నాకు వింతగా తోచింది."

"అప్పుడే చెబితే సరిపోయేది కదండీ! మీకీ అవమానం ఉండేది కాదు."

"చెబితే నువ్వేం రాసేదానివి?" ఆయన నెమ్మదిగానే అడిగారు. "వాడి పేరు ఎదుట ‘ఉంది’ అని రాసేదానివి. ఇంక ఐదో నియమం వాడికి దక్కదు. నువ్వే గదా రెండుసార్లు చదివి వినిపించావు. వాడంతట వాడు చెప్పుకోవడానికి ఒకటి రెండు రోజులు కావాలి. నాదేముంది? నా గుడ్డలు వెతికినా ఏం దొరకదు. గురువారం నర్సు వస్తే ఎలాగూ తేలేదే."

ప్రసన్నలక్ష్మి అరుగు మీంచి లేచింది. ఆ నియమం తను రాసింది. ఫణీంద్ర గారు కాయితానికి నిండుగా ఉందని ఉంచారు. అది నిజంగా ఒక మనిషిని నిలబెట్టగలదని నమ్మింది ఈయనొక్కరే. నమ్మి, వీధంతా నవ్వుతుంటే తలుపు వేసుకుని కూర్చున్నారు. ఆ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టేసింది. "లేమ్మా, ఇదేంటి" అని ఆయన సిగ్గుపడిపోయారు.

వెళ్ళేటప్పుడు వీధి మధ్యలో ఆగి, ప్రతి గుమ్మానికీ వినిపించేలా, "దైవాధీనం గారికి ఏ అలవాటూ లేదండీ! తప్పు నాది! ఆఫీసులో నేను చేసిన తప్పు!" అని అరిచి చెప్పింది. నాగరత్నం గారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, చివరిదాకా విన్నారు. మిగతా ముగ్గురి ఇళ్ళ ముందూ కూడా అలాగే చెప్పి, చివరి పాసింజరు అందుకుంది.

*

గురువారం నర్సు వచ్చి మళ్ళీ పరీక్ష చేసింది. నలుగురికీ లేదు. ఏడుకొండలుకి ఉంది. ఫణీంద్ర గారు ఆఫీసు తలుపు వేశారు.

"నయం, ఇప్పుడైనా తెలిసింది. ఆ మంగళవారం పేజీ చింపేయ్. కొత్త పేజీలో సరిగ్గా రాయి. నలుగురికి లేదు, ఒకడికి ఉంది, తీసేశాం. తనిఖీవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. నీ తప్పు కూడా ఎక్కడా కనిపించదు."

"ఏడుకొండలు నిన్ననే తనంతట తాను వచ్చి చెప్పాడండీ. ఐదో నియమం ఉంది."

"‘ఉంది’ అని పడకముందు చెప్పాలి. పరీక్ష మంగళవారం అయింది, వాడు బుధవారం చెప్పాడు."

"మంగళవారం అతని పేరు ఎదుట ‘లేదు’ అని పడింది." ఆమె రిజిస్టరు తెరిచి ఆయన వైపు తిప్పింది. "కింద మీ సంతకమే. బుధవారం పదిన్నరకి చెప్పాడు. ‘ఉంది’ అన్న మాట ఇవాళ పడింది."

"అది నువ్వు తప్పు చదివావు కాబట్టి!"

"అవునండీ. తప్పు చదివాను కాబట్టే."

ఫణీంద్ర గారు నుదురు రుద్దుకున్నారు. చెడ్డమనిషి కాదు, భయపడ్డ మనిషి. "ఇది వాళ్ళు చూస్తే ఏమంటారో తెలుసా? పుల్ల చదవడం రానివాళ్ళు కార్యక్రమం పెట్టారంటారు. నిన్ను తీసేయమని రాసినా రాస్తారు. ఆర్డరు పోతే నలభైమందీ వీధిన పడతారు. ఒక్క పేజీ ప్రసన్నా!"

ఒక్క పేజీయే. చింపడానికి అర నిమిషం పట్టదు. తన సిగ్గూ పోతుంది, దానితోపాటు ఏడుకొండలూ పోతాడు. ఆమె అరచేతులు రిజిస్టరు మీద ఆన్చి కూర్చుంది. భయం లేకపోలేదు. కానీ ఇద్దరు మనుషులు ఈ వారంలో ఆమె కళ్ళముందే ఇంతకంటే బరువైన పని చేసి చూపించారు.

"చింపనండీ" అంది. ఎర్రకలంతో నాలుగు ‘ఉంది’లనూ చదవడానికి వీలుగా ఒక్కొక్క గీతతో కొట్టేసి, పక్కన ‘పుల్లలు తిరగేసి చదివాను, తప్పు నాది’ అని రాసి, నాలుగుచోట్లా సంతకం పెట్టింది. ఏడుకొండలు ‘లేదు’ కింద, ‘బుధవారం పదిన్నరకు తనంతట తాను వచ్చి చెప్పాడు’ అని రాసి, గురువారం ఫలితం ఆ కింద ఎక్కించింది.

ఫణీంద్ర గారు తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఏడుకొండల్ని బందరు పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్ళింది. ఒక్కసారిగా మానకూడదు, కొంచెం కొంచెంగా తగ్గించాలి, చేతులు వణుకుతాయి, నిద్రపట్టదు, పని మాన్పించకండి అన్నాడు డాక్టరు. వచ్చేటప్పుడు బస్సులో ఏడుకొండలు, "మేడంగారూ, నన్ను నిజంగా ఉంచుతారా?" అని అడిగాడు. "సోమవారం దాకా నాకూ తెలీదు. నన్ను ఉంచుతారో లేదో కూడా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

*

సోమవారం తనిఖీకి వచ్చినామె పేరు తేజస్విని. హైదరాబాదు నుంచి వచ్చింది, మాటలు తక్కువ. గోడ మీది నియమాలు చదివింది, ఫోటో తీసుకుంది. రిజిస్టరు తెరిచి, మంగళవారం పేజీ దగ్గర ఆగిపోయింది. ఫణీంద్ర గారు కిటికీకేసి తిరిగారు.

"ఈ సంతకాలు ఎవరివండీ?"

"నావేనండీ" అంది ప్రసన్నలక్ష్మి. ఒక్కటీ దాచకుండా చెప్పింది. మధ్యలో ఆగి, మంచినీళ్ళు తాగి మరీ చెప్పింది.

తేజస్విని పెన్ను మూత పెట్టింది. "నేను చూసిన రిజిస్టర్లన్నిట్లో పైనుంచి కిందిదాకా ‘లేదు’ అనే ఉంటుందండీ. ఒక్క కొట్టివేత ఉండదు. వాటిని నేనెప్పుడూ నమ్మలేదు." పేజీని ఫోటో తీసింది. "ఇతను పనిలోనే ఉన్నాడా? చూడొచ్చా?"

ఫణీంద్ర గారు అప్పుడు ఇటు తిరిగారు. ఒక్క క్షణం ప్రసన్నలక్ష్మికేసి చూసి, "ఉన్నాడండీ. ఉంటాడు కూడా. రండి" అని తనే ముందు నడిచారు.

ఏడుకొండలు నాలుగు రోజులుగా పనికిరాని చినుగు గుడ్డల మీదే అచ్చులు వేస్తున్నాడు. దైవాధీనం గారు తన బల్ల పక్కకే అతన్ని మార్చుకున్నారు. గురువారపు గుడ్డ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. తీగలు తెగి, ఆకులు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. శుక్రవారంది కూడా అంతే. శనివారంది కొంచెం నయం. అవన్నీ పెద్దాయన దండెం మీద వరసగా ఆరేసి ఉంచారు. అతను తలెత్తితే అవే కనిపిస్తాయి.

తేజస్విని దండెం వెంట నడిచి ఒక్కొక్కటీ చూసింది. నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, ఇంకా మూడు షెడ్లు చూడాలంటూ ఫణీంద్ర గారితో గేటు వైపు వెళ్ళింది.

దైవాధీనం గారు తన గీత అచ్చు తీశారు. పోయిన మంగళవారం తుడిచి పెట్టినదే అది. ఆయనది ఇంకొకరు పట్టుకోవడం షెడ్డులో ఎవరూ ఎరగరు. దాన్ని ఏడుకొండలు చేతిలో పెట్టి, చినుగు గుడ్డ లాగేసి, కొత్త తెల్లగుడ్డ బల్ల మీద పరిచారు.

"వద్దు మావయ్యా. చెయ్యి ఇంకా వణుకుతుంది. గుడ్డ పాడైపోద్ది."

"పాడవనీ. వెయ్యి."

ఏడుకొండలు నిజంగానే వణుకుతున్నాడు. రంగు తట్టలో అద్దిన అచ్చు గుడ్డ మీద ఆనేదాకా గాలిలో తడబడింది. ఆనాక రెండో చేత్తో ఒత్తి పట్టుకుని దెబ్బ వేశాడు. లేపాడు. నల్లని తీగ. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మూడోది, నాలుగోది. అన్ని బల్లల దగ్గరా పని ఆగిపోయింది. ప్రసన్నలక్ష్మి వంగి చూస్తోంది, కళ్ళు చిన్నవి చేసుకుని, ఆయన చూసినట్టే. మొదటి అతుకు చూసింది. రెండోది చూసింది. మూడోదాని దగ్గర తీగ చివర ఏదో తెల్లగా, వెంట్రుకంత, మెరిసింది.

"ఇక్కడ" అంది వేలు పెట్టి. "ఇక్కడ కలవలేదు, కదండీ?"

దైవాధీనం గారు వంగి చూశారు. ఆయన మొహమంతా నవ్వు పాకింది. "పట్టేశావే అమ్మాయ్!"

"అయిపోయింది నా పని!" అన్నాడు ఏడుకొండలు నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ. "మేడంగారికి ఇంక పుల్లలక్కర్లేదు." వారం తరవాత అతని నోటి నుంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. షెడ్డంతా గొల్లుమంది.

పెద్దాయన చేతిలోని వెదురుపుల్ల అలవాటుగా ఆ సందు వైపు వెళ్ళింది. మధ్యలో ఆపుకున్నారు. పుల్లని పక్కన పెట్టేసి తన బల్ల దగ్గరికి వెళ్ళారు, ఇంకో అచ్చు తీసుకున్నారు. ఏడుకొండలు దెబ్బ పడింది. ఆయన దెబ్బ పడింది. ప్రసన్నలక్ష్మి ఆ కలవని అతుకు దగ్గర వేలు ఇంకా అలాగే ఆన్చి, రెండు చప్పుళ్ళూ వింటూ నిలబడిపోయింది.